దేవుడు జవాబివ్వడం లేదు, గడువు మాత్రం దగ్గరపడుతోంది

ప్రశ్న: ఈ ఉత్తరం 39 ఏళ్ల సోదరిది. ఒక సంస్థ లెక్కల విభాగంలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆ విభాగాన్ని మరో నగరానికి తరలిస్తున్నామని యాజమాన్యం చెప్పింది. వెళ్లేవాళ్లకు ఇప్పటి జీతమే కొనసాగుతుంది. వెళ్లలేనివాళ్లు సెటిల్‌మెంట్ తీసుకుని మానేయాలి. ఏ సంగతో రాసివ్వడానికి ఇంకా ఐదు వారాల గడువుంది. భర్తది ఉన్న ఊళ్లోనే చిన్న వ్యాపారం. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. మామగారు మంచంలో ఉన్నారు.

ఆమె నెల రోజులుగా వారానికి రెండు రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉపవాస ప్రార్థన చేస్తున్నారు. బీపీ మాత్రలు వాడుతున్నారు. దేవుని చిత్తం తెలియాలని ఒకరోజు కళ్లు మూసుకుని బైబిల్ తెరిస్తే, అబ్రాముతో దేవుడు "నీ తండ్రి యింటినుండి బయలుదేరు" అన్న చోటు వచ్చింది. మర్నాడు తెరిస్తే, ఇస్సాకుతో "ఐగుప్తుకు వెళ్లక ఈ దేశంలోనే ఉండు" అన్న చోటు. ప్రార్థన గుంపును నడిపించే అక్క, "నువ్వు వెళితే ఇల్లు చెదిరిపోతుందని దేవుడు నాకు చూపించాడు" అన్నారట. ఇంకొందరేమో "ఎటు ఆలోచిస్తే నీకు సమాధానం (మనశ్శాంతి) కలుగుతుందో అదే దేవుని చిత్తం" అంటున్నారు. ఆమెకు ఎటు ఆలోచించినా గుండె దడే. భర్తను అడిగితే "ముందు నీకు దేవుడు చెప్పనీ, తర్వాత నాకు చెప్పు" అంటారు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. "విశ్వాసం ఉంటే ఈ భయం ఎందుకు? పొరపాటు నిర్ణయం తీసుకుంటే దేవుని ప్రణాళికలోంచి తప్పిపోతానా? ఆయన జవాబిస్తే సంఘంలో సాక్ష్యం చెబుతానని మొక్కుకున్నాను, ఇంకా ఎందుకు మౌనంగా ఉన్నాడు?" అని అడుగుతున్నారు.

జవాబు: సోదరీ, మీ ఉత్తరంలో మూడు చిక్కులు కలగలిసిపోయాయి. ఉద్యోగం సంగతి ఏం చేయాలన్నది ఒకటి. దేవుని చిత్తం ఎలా తెలుస్తుందన్నది ఇంకొకటి. మనసుకు నెమ్మది ఎందుకు లేదన్నది మూడోది. దేవుడు "వెళ్లు" అనో "ఉండు" అనో ఒక్క మాటంటే మూడూ ఒకేసారి తీరిపోతాయని మీరు కాచుకుని ఉన్నారు. ఆ మాట రాలేదు కాబట్టి మూడూ ఎక్కడివక్కడే ఆగిపోయాయి. వీటిని విడదీయవచ్చు. నెమ్మది కోసం నిర్ణయం దాకా ఆగనక్కర్లేదు, నిర్ణయం కోసం ఆకాశవాణి దాకా ఆగనక్కర్లేదు.

అన్నిటికంటే ముందు నిద్ర. ఇది ఆత్మీయమైన విషయం కాదనుకుంటారేమో, మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చూడండి. ఏలీయా బదరీచెట్టు కింద కూర్చుని "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నాడు. దేవుడు అప్పుడు అతనికి దర్శనం ఇవ్వలేదు, అవిశ్వాసమని గద్దించనూ లేదు. నిద్రపోనిచ్చాడు. దూత లేపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ఆ తర్వాత నలభై రోజుల ప్రయాణం, ఆ తర్వాతే హోరేబు కొండ దగ్గర మాట్లాడటం, తర్వాత ఏం చేయాలో చెప్పడం. ఆ వరుస గమనించండి. మీరు దాన్ని తలకిందులు చేశారు: నిద్ర లేదు, తిండి లేదు, ముందు మాట కావాలంటున్నారు.

కాబట్టి నీళ్లతోనే ఉండే ఉపవాసం ఇప్పటికి ఆపండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అలా ఉండకూడదు. ఒంట్లో నీరు, లవణాలు తగ్గి కళ్లు తిరగవచ్చు, బీపీ ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఖాళీ కడుపు నిద్రను కూడా చెడగొడుతుంది. ఉపవాసం ఆపితే దేవుని దగ్గర మీరేదో తగ్గించుకున్నట్టు కాదు. ఉపవాసమంటే దేవుణ్ణి ఒప్పించడానికి కట్టే రుసుము కాదని యెషయా 58వ అధ్యాయం చాలా ఘాటుగానే చెబుతుంది. ఏదైనా మానుకోవాలనిపిస్తే ఈ ఐదు వారాలు రాత్రిపూట ఫోన్ మానుకోండి, అది నిద్రకూ ప్రార్థనకూ రెండింటికీ పనికొస్తుంది.

మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మంచం మీదే దొర్లుతూ ప్రార్థన చేయకండి. ఆ వేళ ప్రార్థన మొదలై ఐదు నిమిషాల్లో లెక్కలేసుకోవడంగా మారిపోతుంది. జీతం, ఫీజులు, మామగారి మందులు, మళ్లీ జీతం. మాటలు దేవునితోనే అయినా జరిగేది చింతే. గుర్తు ఏమిటంటే, ఒకే వాక్యం మూడోసారి నోట్లోకి వస్తే అది ప్రార్థన దాటిపోయిందన్నమాట. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాలేదనిపిస్తే (గడియారం చూడొద్దు, అందాజుగా చాలు) లేచి వేరే చోట చిన్న దీపం వేసుకుని కూర్చోండి. తలలో తిరిగేదాన్ని కాగితం మీద రెండు వరుసల్లో రాసేయండి. 4వ కీర్తనో 23వ కీర్తనో మెల్లగా, పెదవులు కదిలేలా చదవండి. నిద్ర ముంచుకొస్తేనే మంచం మీదకి వెళ్లండి. ఉదయం మాత్రం రోజూ లేచే వేళకే లేవాలి. మొదటి నాలుగైదు రోజులు ఇంకా అలసటగా ఉంటుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు.

భయం అవిశ్వాసమా అన్నారు. "దేనిని గూర్చియు చింతపడకుడి" అని ఫిలిప్పీయులకు రాసిన పౌలే, కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 11వ అధ్యాయంలో తాను పడ్డ దెబ్బలూ ఓడ పగలడాలూ ఏకరువు పెట్టి, చివర్లో సంఘాలన్నిటి గురించిన చింత కూడా తనకుందని ఒప్పుకున్నాడు. చింత రాకపోవడం విశ్వాసం కాదు. వచ్చిన చింతను ఎక్కడికి తీసుకెళ్తామన్నది విశ్వాసం. 13వ కీర్తనలో దావీదు "ఎన్నాళ్లు" అని పదేపదే అడిగి, ఆరు వచనాల్లోనే పాట దాకా వచ్చాడు. 88వ కీర్తన అయితే చీకట్లోనే ముగుస్తుంది, ఆఖర్న హల్లెలూయ లేదు. దాన్ని కూడా దేవుని ప్రజలు ఆరాధనలో చదివే పుస్తకంలోనే ఉంచారు. మీ మూడు గంటల రాత్రికి అందులో చోటుంది.

ఇక కళ్లు మూసుకుని బైబిల్ తెరవడం. ఇది మీరొక్కరే చేస్తున్నది కాదు, పాత అలవాటే. క్రీ.శ. 386లో మిలాను నగరంలో అగస్టీను అలాగే తెరిస్తే రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చివరి వచనాలు వచ్చి ఆయన జీవితం మారిపోయిందన్నది ప్రసిద్ధం. కానీ రెండు సంగతులు ఎవరూ చెప్పరు. ఒకటి, అక్కడ ఆయనకు దొరికింది భవిష్యత్తు సమాచారం కాదు. చెడు నడత మానుకుని క్రీస్తును ధరించుకోమన్న ఆజ్ఞ, అది ఏ పేజీ తెరిచినా ఆయనకు వర్తించేదే. రెండోది, తర్వాత బిషప్ అయ్యాక అదే అగస్టీను ఒక ఉత్తరంలో, లోక వ్యవహారాల కోసం సువార్త పుటల్లో చీట్లు తీసినట్టు జవాబు వెతకడం తనకు నచ్చదని రాశాడు. 506లో, ఇప్పటి ఫ్రాన్సులోని ఆగ్దేలో కూడిన సంఘ సభ అలాంటి చీటీ పద్ధతుల్ని నిషేధించింది కూడా. ఎందుకు? మీకు జరిగిందే కారణం. ఒకరోజు ఆదికాండము 12, మర్నాడు ఆదికాండము 26. రెండూ దేవుని మాటలే, రెండూ మీతో అన్నవి కావు. అబ్రాముకు వెళ్లమని చెప్పిన దేవుడే అతని కొడుక్కి, కరవు కాలంలో, వెళ్లొద్దని చెప్పాడు. ఆ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివితే తెలిసేది ఇదే: వెళ్లడం ఎప్పుడూ విశ్వాసం కాదు, ఉండిపోవడం ఎప్పుడూ పిరికితనం కాదు.

బైబిల్ వాగ్దాన వచనాలు అచ్చువేసిన కార్డుల మాటా అంతే. యిర్మీయా 29:11 చాలా ఇళ్ల గోడల మీద ఉంటుంది, "మీకు సమాధానకరమైన ఉద్దేశములే" అని. దాని ముందు వచనంలో డెబ్భై ఏళ్లు అని ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకు రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని 5, 6, 7 వచనాలు. రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పిన హనన్యా అబద్ధ ప్రవక్తగా తేలాడు, అది 28వ అధ్యాయం. అంటే ఆ వాగ్దానం త్వరగా బయటపడతారన్న హామీ కాదు, బయటపడని రోజుల్లో ఎలా బతకాలో చెప్పే మాట. నిజానికి మీకు కార్డు మీది వచనం కంటే ఈ పై మూడు వచనాలే ఎక్కువ పనికొస్తాయి.

ప్రార్థన గుంపు అక్క మాట గురించి జాగ్రత్తగా చెప్పాలి. ఆమె మీ మేలు కోరేవారే కావచ్చు. ప్రవచనాన్ని తృణీకరించొద్దనీ, సమస్తాన్నీ పరీక్షించి మేలైనది చేపట్టమనీ పౌలు ఒక్క ఊపిరిలో రాశాడు (1 థెస్సలొనీకయులకు 5:20, 21). ఆ రెండూ కలిసే ఉండాలి. పరీక్ష ఎలా అన్నదానికి అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం మంచి పాఠం. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకుని తన చేతులూ కాళ్లూ కట్టుకుని, యెరూషలేములో దీని సొంతదారుణ్ణి ఇలా బంధిస్తారన్నాడు. విన్నవాళ్లంతా ఏడ్చి, వెళ్లొద్దని బతిమాలారు. పౌలు వెళ్లాడు. అగబు వెళ్లొద్దనలేదు, ఏం జరుగుతుందో మాత్రమే చెప్పాడు. వెళ్లొద్దన్నది విన్నవాళ్ల ప్రేమ. మీ అక్క మాటలోనూ ఈ రెండూ విడదీసి చూడండి. "ఇల్లు చెదురుతుంది" అన్నదాంట్లో ఒక న్యాయమైన భయం ఉంది, దూరంగా ఉంటే కాపురం మీదా పిల్లల మీదా భారం పడుతుంది. ఆ భయాన్ని లెక్కలోకి తీసుకోండి. "కాబట్టి వెళ్లొద్దు" అన్నది మాత్రం ఆమె తేల్చిన సంగతి.

ఆమెతో ఇలా అంటే చాలు: "అక్కా, మీరు చెప్పింది మనసులో పెట్టుకున్నాను. నేనూ ఆయనా కలిసి ప్రార్థన చేసుకుని, పెద్దలతో మాట్లాడి నిర్ణయిస్తాం. మీరు మా ఇద్దరి కోసం జ్ఞానం అడగండి." వాదన వద్దు, మాటివ్వడమూ వద్దు. అయితే ఒకటి. ఎవరి ప్రవచనమైనా కానుకతో ముడిపడినా, మీ భర్తకు చెప్పొద్దన్నా, పాటించకపోతే శాపం తగులుతుందన్నా, అక్కడితో ఆపేయండి. మళ్లీ వినడానికి వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు ముడి. "ఎటు సమాధానం కలిగితే అదే దేవుని చిత్తం" అన్న సలహా మంచి మనసుతో ఇచ్చేదే, ఎంతోమందికి మేలు చేసినట్టు కనిపించేదే. కానీ లేఖనం దాన్ని మోయదు. యోనా దేవునికి ఎదురు తిరిగి పారిపోతుంటే రేవులో ఓడ సిద్ధంగా ఉంది, కేవు (ఓడ ఛార్జీ) చేతిలో ఉంది, ఎక్కాక గాఢనిద్ర కూడా పట్టింది. తలుపు తెరుచుకుంది, మనసు కుదుటపడింది, దారి మాత్రం తప్పు. గెత్సేమనేలో యేసు తండ్రి చిత్తానికి సరిగ్గా మధ్యన ఉన్నాడు. ఆయన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉంది. త్రోయలో పౌలుకు ప్రభువే తలుపు తీశాడు, తన సహచరుడు తీతు కనబడలేదని మనసుకు నెమ్మది లేక అక్కడినుంచి సెలవు తీసుకుని మాసిదోనియకు వెళ్లిపోయాడు (2 కొరింథీయులకు 2:12, 13). తెరిచిన తలుపును వదిలేసినందుకు పౌలును ఎవరూ తప్పుపట్టలేదు, ఆ ప్రయాణాన్ని దేవుడు పాడుచేయనూ లేదు.

ఈ సలహాకు ఆధారంగా చూపేది కొలొస్సయులకు 3:15, క్రీస్తు సమాధానం మీ హృదయాల్లో ఏలనివ్వండని. ఆ వచనాన్ని దాని చుట్టూ ఉన్నవాటితో కలిపి చదవండి. ఒకరినొకరు సహించండి, క్షమించండి, ఒక్క శరీరంగా పిలవబడ్డారు అని ఉంటుంది. అది ఇంట్లో, సంఘంలో మనుషుల మధ్య ఉండాల్సిన సఖ్యత గురించి. మీ సంగతిలో దాన్ని వాడాల్సింది నగరం ఎంచుకోవడానికి కాదు, మీరూ మీ భర్తా ఈ విషయం మాట్లాడుకునే తీరుకు.

ఫిలిప్పీయులకు 4:6, 7 అయితే మీ కోసమే రాసినట్టుంటుంది. విన్నపాలు తెలియజేయండి, అప్పుడు దేవుని సమాధానం మీ హృదయాలకూ తలంపులకూ కావలి ఉంటుంది. ఏ దారిన వెళ్లాలో తెలుస్తుందని అక్కడ లేదు. అడిగింది దొరుకుతుందని కూడా లేదు. అడిగాక, జవాబు ఇంకా రాకముందే, మనసుకు కాపలా ఉంటుందని ఉంది. రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడు, బతుకుతాడో చస్తాడో అతనికే తెలియదు. అదే పత్రిక మొదటి అధ్యాయంలో, బతకడం చావడం రెంటిలో ఏది కోరుకోవాలో తోచడం లేదనీ రాశాడు.

దేవుడు మౌనంగా ఉన్నాడన్నారు. మీరడిగిన సమాచారం ఇవ్వలేదు, అంతవరకు నిజం. ఇస్తానని రాతపూర్వకంగా మాటిచ్చింది మాత్రం జ్ఞానం. యాకోబు 1:5, ఎవరికైనా జ్ఞానం కొదువగా ఉంటే అడగమనీ, ఆయన గద్దించకుండా ధారాళంగా ఇస్తాడనీ. జ్ఞానం ఇచ్చేవాడు నిర్ణయాన్ని మన చేతిలో ఉంచుతాడు. మీ ఉత్తరంలో ఒక్కచోట కూడా "జ్ఞానం కోసం అడిగాను" అని లేదు, "గుర్తు కోసం అడిగాను" అని నాలుగుచోట్ల ఉంది.

ప్రణాళికలోంచి తప్పిపోతానేమో అన్న భయానికి ఒక మాట. దేవుని చిత్తం సన్నని తీగలాంటిదనీ, ఒక అడుగు అటైతే పడిపోతామనీ మీరు ఊహించుకుంటున్నారు. పౌలు బృందం ఆసియలో వాక్యం చెప్పబోతే ఆత్మ ఆటంకపరచాడు, బితూనియకు వెళ్లబోతే వెళ్లనివ్వలేదు. రెండుసార్లు దారి మార్చుకున్నారు, ఎవరూ తప్పిపోలేదు. కదులుతున్నవాళ్లను మళ్లించడం దేవునికి కష్టం కాలేదు. ఆ తర్వాత దర్శనం వచ్చింది, మాసిదోనియకు వెళ్లారు, ఫిలిప్పీలో బెత్తాల దెబ్బలూ చెరసాలా ఎదురయ్యాయి. అంటే రేపు మీరు వెళ్లాక కష్టం వస్తే అది తప్పు నిర్ణయానికి రుజువు కాదు, ఉండిపోయాక కష్టం వచ్చినా అంతే. తుపానులో చిక్కుకున్న శిష్యులు యేసు మాట వినే పడవెక్కారు.

పనిలోకి వద్దాం. మొదటి వారంలో నిర్ణయం గురించి ఆలోచించకండి, వివరాలు మాత్రం సేకరించండి. సంస్థకు రాసి, రాతలోనే జవాబు తీసుకోండి. సెటిల్‌మెంట్ మొత్తం ఎంత, పన్ను పోగా చేతికొచ్చేదెంత, ఎన్ని రోజుల్లో? ఆరోగ్య బీమా ఏ తేదీతో ఆగిపోతుంది, మామగారు అందులో ఉన్నారా? తరలి వెళ్లి ఆరు నెలల్లో కుదరక మానేస్తే ఈ సెటిల్‌మెంట్ వర్తిస్తుందా, లేక మామూలు రాజీనామా కిందే లెక్కా? సామాను తరలింపు, తొలి నెలల అద్దె ఎవరిది? కొన్నాళ్లు ఇంటినుంచి పనిచేసే వీలుందా? గడువులోగా ఏమీ చెప్పకపోతే దేనికింద లెక్కేస్తారు? ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. దేవుని కోసం ఆగుతున్నామని ఊరుకున్నవాళ్ల బదులు యాజమాన్యమే నిర్ణయం తీసేసుకుంటుంది.

తర్వాత ఇంటి లెక్క. మీ జీతం లేకుండా భర్త వ్యాపారంలో చేతికొచ్చే సగటు ఆదాయం (మంచి నెలది కాదు, గత పన్నెండు నెలల సగటు), నెల ఖర్చు, ఆ రెంటికీ తేడా. చేతికొచ్చే సెటిల్‌మెంట్‌కు పొదుపు కలిపి ఆ తేడాతో భాగిస్తే ఎన్ని నెలలు నిలబడగలరో వస్తుంది. ఆరు నెలల లోపు వస్తే ఉండిపోవడం ప్రమాదమే. పన్నెండు దాటితే మీకు వెసులుబాటు ఉంది. మీరు లెక్కల విభాగంలోనే పనిచేస్తారు, ఇది మీకు అరగంట పని. అయినా నెల రోజుల్లో చేయలేదు, ఎందుకంటే లెక్క వేయడం దేవుణ్ణి నమ్మకపోవడమనిపించింది. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోడా అని అడిగింది యేసే (లూకా 14:28).

భర్తతో మాట్లాడటం రెండో వారం. "నీకు దేవుడు చెప్పనీ" అన్న మాట భక్తిలా వినిపిస్తుంది, బరువంతా మీ మీదే వదిలేస్తుంది. నిష్ఠూరం వద్దు, ఆయనకూ భయమే అయ్యుంటుంది. భార్య జీతం పోతే వ్యాపారం ఒక్కటే మిగులుతుంది, భార్య వెళ్తే ఇల్లూ తండ్రీ పిల్లలూ ఆయన మీద పడతారు. ఏది చెప్పినా తనకే చుట్టుకునేలా ఉంది. ఒక గంట, పిల్లలు లేని వేళ, ఆ లెక్క కాగితం మధ్యలో పెట్టుకుని కూర్చోండి. "ఏం చేద్దాం" అని మొదలుపెడితే మళ్లీ అదే జవాబు వస్తుంది. "నేను వెళ్తే మీకు అన్నిటికంటే ఏది కష్టం? ఉంటే ఏది కష్టం?" అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. తర్వాత మీది చెప్పండి. ఆ రోజు తేల్చొద్దు. చివర్లో ఇద్దరూ కలిసి రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంటే చాలు. మీరు ప్రార్థనలో ఆయనకు ప్రసంగం చేయకూడదు, అది ఆయన వెంటనే పట్టేస్తారు.

సలహా అడిగేవాళ్లందరూ ఒకే ప్రార్థన గుంపు నుంచి ఉంటే ఒకే మాట నాలుగు నోళ్ల నుంచి వస్తుంది, దాన్ని నిర్ధారణ అనుకుంటాం. ముగ్గురు చాలు. మీ వృత్తిలో, మీ వయసుకు బయట ఉద్యోగం దొరికే అవకాశం తెలిసినవారు ఒకరు. మీ కాపురం దగ్గరగా చూసిన బంధువు ఒకరు. మీ నిర్ణయం వల్ల తనకు లాభమూ నష్టమూ లేని, నెమ్మదస్తుడైన పాస్టర్ గారో పెద్దలో ఒకరు. పాస్టర్ గారిని "దేవుని చిత్తం చెప్పండి" అని అడగకండి. "నేను చూడనిది మీకేమైనా కనిపిస్తోందా?" అని అడగండి.

మూడో వారానికి దారులు స్పష్టంగా కనిపిస్తాయి, అవి రెండే కావు. అందరూ తరలి వెళ్లడం: జీతం నిలుస్తుంది, వ్యాపారం పోతుంది, మామగారిని మంచంతో సహా కదిలించాలి, పిల్లల చదువు ఏడాది మధ్యలో మారుతుంది. మీ పరిస్థితిలో ఇది అన్నిటికంటే బరువైనది. మీరొక్కరే వెళ్లడం: డబ్బు పరంగా బాగుంటుంది, కానీ రెండు ఇళ్ల ఖర్చూ ప్రయాణాలూ జీతాన్ని అనుకున్నదానికంటే ఎక్కువే తింటాయి, మంచంలో ఉన్నవారి సేవకు ఇంట్లో మనిషి కావాలి. ఎంతకాలమో తేదీ పెట్టుకోకపోతే ఆరు నెలలనుకున్నది మూడేళ్లవుతుంది. ఈ దారి ఎంచుకుంటే తేదీ, ఎన్ని వారాలకొకసారి ఇంటికి రావాలో ముందే రాసుకోండి. ఉండిపోవడం: ఇల్లు నిలుస్తుంది, ఉద్యోగం వెతుకులాట మొదలవుతుంది, తక్కువ జీతానికి సిద్ధపడాలి. మూడో నెలలో "దేవుని మాట వినకుండా ఆగిపోయానేమో" అన్న ఆలోచన తప్పకుండా వస్తుంది, వస్తుందని ముందే తెలిస్తే దాని కోరలు సగం పోతాయి. ఇక నాలుగోది, ఆరు నెలల వాయిదానో కొన్నాళ్లు ఇంటినుంచి పనో అడగడం. కాదనవచ్చు. 14 ఏళ్ల ఉద్యోగి అడిగితే కొత్తవాళ్లకు పని నేర్పించే కాలానికైనా ఒప్పుకునే అవకాశం ఉంది, అడగకుండా వదిలేయొద్దు.

ఈ రోజుల్లో ప్రార్థనకు పొద్దున ఇరవై నిమిషాలు చాలు. ఒక కీర్తన, వరుస తప్పకుండా రోజుకొకటి, నచ్చినది ఏరుకోకుండా. తర్వాత మీ కోరిక దేవునితో నేరుగా చెప్పండి: "నాకు ఉండిపోవాలని ఉంది" అనో, "నిజానికి నాకు వెళ్లాలని ఉంది, అందుకు సిగ్గుగా ఉంది" అనో. మీ ఉత్తరం చదివితే మీకు ఏది ఇష్టమో ఎక్కడా తెలియదు, బహుశా దేవునికి కూడా చెప్పలేదు. యేసు "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించు" అని ముందు అడిగాడు, "నా చిత్తము కాదు" అన్నది తర్వాత. మొదటిది దాటేసి రెండోది పలికితే నోటి మాటగానే మిగులుతుంది. తర్వాత ఆ రోజుకు కావలసిన ఒక్క పనికి జ్ఞానం అడగండి, ఐదు వారాలకు కాదు. చివరి ఐదు నిమిషాలు వేరేవాళ్ల కోసం ప్రార్థించండి. అదే విభాగంలో ఇదే గడువు ఎదుర్కొంటున్న మీ తోటి ఉద్యోగుల పేర్లు చెప్పుకోండి.

నాలుగో వారంలో 16వ శతాబ్దపు కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన పద్ధతి ఒకటి వాడవచ్చు, ఏ సంఘం వారికైనా పనికొస్తుంది. ఇదే ఉత్తరం ముఖపరిచయం లేని మరో స్త్రీ మీకు రాస్తే ఆమెకు ఏం చెబుతారో ఊహించి రాయండి. మర్నాటినుంచి రెండు రోజులు "వెళ్తున్నాను" అని తేలిపోయినట్టే ఉండండి, ఎవరికీ చెప్పకుండా. తర్వాతి రెండు రోజులు "ఉండిపోతున్నాను" అన్నట్టు. ఏ రోజు ఏ ఆలోచనలు వచ్చాయో రాత్రి రెండు ముక్కలు రాయండి. చూడాల్సింది దడ తగ్గిందా అని కాదు. ఏ రోజుల్లో మీరు దేవుని పట్ల, ఇంట్లోవాళ్ల పట్ల, ఎదుటి పని పట్ల తేటగా ఉన్నారు, ఏ రోజుల్లో దాచుకోవాలనిపించింది అని. ఇగ్నేషియసే ఇంకో హెచ్చరిక చేశాడు, మనసు కుంగి ఎండిపోయి ఉన్న వేళ, తేటగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దని. మీకు అన్వయిస్తే, రాత్రి మూడింటికి వచ్చిన ఏ నిర్ణయమూ మర్నాడు పది గంటలకు మళ్లీ చూడకుండా చెల్లదు.

గడువుకు నాలుగు రోజుల ముందే ఇద్దరూ కలిసి తేల్చి, రాసిచ్చేయండి. "ప్రభువా, తెలిసినంతవరకు, ఇచ్చిన జ్ఞానంతో ఇది చేస్తున్నాం. తప్పయితే మళ్లించు" అని చెప్పండి. ఆ తర్వాత మళ్లీ గుర్తులు వెతకడం మొదలుపెట్టొద్దు. ఆరు నెలల తర్వాతి ఒక తేదీ రాసిపెట్టుకుని, ఆ రోజున మాత్రమే సమీక్షించుకోండి.

సాక్ష్యం మొక్కు విషయం: చెప్పండి, కాకపోతే "దేవుడు నాకు వెళ్లమన్నాడు" లేదా "ఉండమన్నాడు" అని సంఘంలోనూ ఇంట్లోనూ అనకండి. అలా అన్నాక మీ భర్త నోరెత్తలేరు, ఆరు నెలలకు మార్చుకోవాల్సి వస్తే మీరూ ఎత్తలేరు, దేవుని మాట మారిందని పిల్లలు అనుకుంటారు. "మేం ప్రార్థించాం, ఆలోచించాం, ఇలా నిర్ణయించుకున్నాం, మాతో ఉండమని ఆయన్ను అడుగుతున్నాం" అంటే నిజమూ అవుతుంది, మీకు తిరుగు దారీ ఉంటుంది. జవాబు వచ్చేదాకా కూడా ఆగనక్కర్లేదు.

డాక్టర్ దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి. బీపీ చూపించుకుని, ఉపవాసాల సంగతి, నిద్ర సంగతి దాచకుండా చెప్పండి. ఇప్పటికే నెల రోజులైంది కాబట్టి, పై పద్ధతులు పాటించినా రెండు వారాల్లో నిద్ర కుదరకపోయినా, పగలు కూడా ఊపిరాడనట్టు దడ వస్తున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్యుల్నో కౌన్సెలర్‌నో కలవమని ఆయనే పంపుతారు, వెళ్లడానికి వెనకాడొద్దు. ఏలీయాకు వచ్చినట్టు చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా భర్తకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. మందు వేసుకోవడం విశ్వాసానికి తక్కువ కాదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. కడుపు జబ్బుతో తరచూ బాధపడే తిమోతికి పౌలు ప్రార్థన చేయమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని కూడా రాశాడు.